ఫ్రెంచ్ వైన్ రుచి చూసే ముందు జాగ్రత్తలు

- ఆ పూట సెంటు పూసుకోకండి. కాఫీ, కారం కూడా వద్దు.
- షాబ్లీ లాంటి తెల్ల వైన్ 10–12 డిగ్రీల్లో, బోర్డో ఎర్ర వైన్ 16–18 డిగ్రీల్లో ఉండాలి. మరీ చల్లగా ఉంటే వాసన తెలియదు.
- ముందు తెల్లవి, తర్వాత ఎర్రవి.
- వర్ణించడానికి ఎప్పుడూ తినని బ్లాక్‌కరెంట్ అనే విదేశీ పండు పేరు అరువు తెచ్చుకోవద్దు. బోర్డో నాలుకను పట్టేస్తే అది టానిన్, అంటే ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే పదార్థం. దానికి మన 'వగరు' ఎంత చక్కటి మాట! నేరేడు పండు గుర్తొస్తే అదే రాయండి. షాబ్లీలో పులుపు ముందు తెలుస్తుంది, నిమ్మ గుర్తురావచ్చు.
- రుచి చూసిన వైన్ ఉమ్మడానికి గిన్నె పక్కనే పెట్టుకోండి, మొహమాటపడకండి. ఫ్రాన్స్‌లో మామూలు డ్రైవర్లకు ఆల్కహాల్ పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాములే. అసలు ఆ రోజు బండి తీయకండి.
- గర్భిణులు రుచి కూడా చూడొద్దు.