మొదటిసారి మోటార్‌హోమ్ మీట్‌కి వెళ్తున్నారా? ముందు బండి నిలబెట్టడం నేర్చుకోండి

మోటార్‌హోమ్ (లోపలే పడుకుని, వండుకునేలా ఇల్లులా మార్చిన బండి) ఉన్నవాళ్లంతా కలిసి ఎక్కడో ఒకచోట రెండు రాత్రులు దిగడాన్ని మీట్ అనండి, ర్యాలీ అనండి, కొత్తగా వచ్చేవాళ్లు అడిగేవి మాత్రం ఎప్పుడూ అవే. ఏం తేవాలి, ఏం వండాలి, ఏసీ నడుస్తుందా? బండి ఎలా నిలబెట్టాలని ఒక్కరూ అడగరు. తీరా వచ్చాక సరుగుడు తోటలో వెనక టైర్లు ఇరుసు దాకా దిగబడి, ట్రాక్టరు కోసం ఊళ్లోకి మనిషిని పంపిస్తారు. శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నం నుంచి బారువ దాకా తీరంలో ఎక్కడ దిగినా కింద ఉండేది ఎక్కువగా ఇసుకే. అందుకే మిగతావన్నీ గబగబా చెప్పేసి, అసలు విషయం దగ్గర నెమ్మదిగా చెబుతాను.

ఎప్పుడు వెళ్లాలి?

డిసెంబరు నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా. అంతే. అక్టోబరులో ఎవరైనా పిలిస్తే వెళ్లొద్దు. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న. ఉద్దానంలో కొబ్బరిచెట్లు ఎలా కూలాయో చూసినవాళ్లెవరూ ఆ నెలలో కొబ్బరితోటలో పడుకోరు. సంక్రాంతి మూడు రోజులూ కూడా వద్దు. రోడ్లన్నీ నిండిపోతాయి, పైగా పండక్కి ఇంట్లో లేకుండా తోటలో దిగారంటే అత్తవారి వైపు నుంచి వచ్చే ఫోన్లకు మీరే జవాబు చెప్పుకోవాలి.

కాగితాలు, సామాను

వ్యాన్ కొని ఇల్లులా మార్పించుకున్నవాళ్లు ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కించుకున్నారో లేదో చూసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉన్నది దానికే. ఎక్కించకపోతే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర పేచీ మొదలవుతుంది.

సామాను సంగతి: మంచినీళ్లు, టార్చి, పార, గాలి మీటరు, 12 వోల్టుల గాలి కంప్రెసర్, కరెంటు వైరు, తాడు, నాలుగు సెంట్రింగ్ పలకలు (స్లాబు పోసేటప్పుడు కింద పరిచేవి). మడత కుర్చీలు మనిషికి ఒకటి. మడత బల్ల అక్కర్లేదు, ఎవరో ఒకరు తెస్తారు. జనరేటర్ తేవద్దు. తెస్తే ఆ శబ్దానికి పక్కనెవరూ బండి పెట్టరు.

వంటకి 5 కిలోల గ్యాస్ బండ చాలు. పొయ్యి బండి బయటే పెట్టాలి. బయట వానొచ్చినా, గాలొచ్చినా సరే, ఎండు నెత్తళ్లు మాత్రం లోపల వేయించకండి. ఆ వాసన పరుపులోంచి పోవడానికి నెల పడుతుంది.

దారి

మీ బండి ఎత్తు ఎంతో కొలవండి. మీదున్న ఏసీ, సోలార్ ప్యానెల్ కూడా కలిపి. ఆ అంకెని డ్యాష్‌బోర్డు మీద రాసి అంటించండి. పదహారో నంబరు హైవే మీద ఏ ఇబ్బందీ ఉండదు. దిగి ఊళ్లోకి మళ్లిన దగ్గర్నుంచే తంటా: రైల్వే అండర్‌పాస్‌లు, గుడి ఆర్చీలు, వేలాడే కరెంటు తీగలు, పెళ్లి పందిళ్లు. ఫోన్లో మ్యాప్ దగ్గరి దారి చూపిస్తుంది, ఎత్తు సంగతి దానికి తెలియదు. ఊళ్లోకి ఇసుక లారీలు ఏ దారిన వస్తాయో అడిగి ఆ దారినే వెళ్లండి.

ఆగి దారి అడిగితే జనం మూగుతారు. క్యారవాన్ అంటే సినిమావాళ్లదే అని అందరి లెక్క. "ఏటి బావూ, సూటింగేటి? లోపల ఎవులున్నారు?" అంటారు. విసుక్కోకండి. తలుపు తీసి చూపించండి. రేపు మీ టైరు దిగబడితే తోయడానికి వచ్చేది వాళ్లే.

బండి నిలబెట్టడం

మధ్యాహ్నం మూడింటికల్లా చేరాలి. డిసెంబరులో మన వైపు ఐదున్నరకే చీకటి పడిపోతుంది, చీకట్లో ఇసుకలో రివర్సు చేయడం లాంటి తెలివితక్కువ పని ఇంకోటి లేదు. చేరగానే మీకు నచ్చిన చోటుకి దూరిపోకండి. మీట్ పెట్టినవాళ్లు ఎక్కడ చూపిస్తే అక్కడే.

చూపించాక కూడా వెంటనే తిప్పొద్దు. బండిని గట్టి నేల మీదే ఆపి దిగండి. చెప్పులు విప్పి, బండి వెళ్లే దారంతా నడవండి. ప్రతి రెండడుగులకీ మడమతో గట్టిగా తొక్కండి. మడమ దిగబడిందంటే మూడు టన్నుల బండి దిగబడకుండా ఉండదు. సరుగుడు తోటల్లో ఇంకో ప్రమాదం ఉంది. చెట్లు నరికాక మోళ్లు మిగులుతాయి, రాలిన ఆకు వాటిని పూర్తిగా కప్పేస్తుంది. ఆ మోడు టైరు పక్కభాగంలో గుచ్చుకుంటే పంక్చరు వేయడం కుదరదు, టైరు మార్చుకోవాల్సిందే. కర్రతో ఆకుని కెలుకుతూ నడవండి.

తర్వాత తలెత్తి చూడండి. మీద కొబ్బరిచెట్టు ఉంటే ఆ చోటు మీకొద్దు. నీడ బావుంటుందని, ఫొటో బావుంటుందని అక్కడే పెడతామంటారు కొత్తవాళ్లు. రాత్రి గాలికి కాయ రాలితే సోలార్ ప్యానెల్ అద్దం పగులుతుంది. కింద కుర్చీలో మనిషి ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు టైర్ల గాలి. మెత్తటి ఇసుకైతే మామూలుగా ఉండే గాలిలో నాలుగో వంతు తీసేయండి. టైరు కాస్త పరుచుకుని బరువుని ఎక్కువ నేల మీద పంచుతుంది. గాలి తీయడమంటే చాలామందికి భయం. తీయకుండా వెళ్లి దిగబడ్డాక తీయడం కంటే ముందే తీయడం సుఖం కదా! కంప్రెసర్ తెమ్మన్నది ఇందుకే.

సైడ్ చెప్పే మనిషి ఒక్కరే ఉండాలి. ఇది నేను ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు. బండి రివర్సు తీస్తుంటే చుట్టూ నలుగురు చేరతారు. ఒకాయన "రానీ రానీ" అంటాడు, ఇంకొకాయన "లెఫ్టుకి కొట్టు" అంటాడు, వెనకనుంచి ఆడవాళ్లు "ఆగండాగండి" అని అరుస్తారు. ఆ గోలలో డ్రైవరు బ్రేకు మీద కాలు వేస్తాడు, ఇసుకలో ఆగిన బండి మళ్లీ కదలదు. ఒకరిని ఎంచుకోండి. భార్యాభర్తలైతే వేరే మనిషిని ఎంచుకోండి, ఎందుకో నేను చెప్పను. ఆ మనిషి డ్రైవరు వైపు అద్దంలో కనబడేలా నిలబడాలి. అద్దంలో కనబడకపోతే డ్రైవరు బండి కదపకూడదు. మాటలు వద్దు, చేతి సైగలు మూడే: రమ్మని, ఆగమని, ఎటు కొట్టాలో అని. లారీ క్లీనర్లు బండి పక్కన చేత్తో రెండు దెబ్బలు కొడితే డ్రైవరు ఆపేస్తాడు, మీరూ అది నేర్చుకోండి. రివర్సు కెమెరా ఉందని మురిసిపోకండి. కెమెరాకి వెనకున్నదే కనిపిస్తుంది, పైనున్న కొమ్మ కనిపించదు.

కదిలాక ఒకే వేగంతో, స్టీరింగ్ వీలైనంత తిన్నగా ఉంచి, మధ్యలో ఆపకుండా అనుకున్న చోటుకి చేరాలి. మధ్యలో ఎక్కడైనా చక్రం ఉన్నచోటే తిరగడం మొదలైతే వెంటనే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి. ఇంకొంచెం తొక్కితే వచ్చేస్తుందనుకుంటారు. రాదు. తొక్కిన ప్రతిసారీ టైరు ఇంకో బెత్తెడు లోతుకి తవ్వుకుంటుంది. దిగి, టైరు ముందున్న ఇసుకని పారతో వాలుగా తీసి, సెంట్రింగ్ పలకని టైరుకి ఆనించి పెట్టి, మెల్లగా ఎక్కించండి. పలక లేకపోతే కొబ్బరి మట్టలు అడ్డంగా పరచండి. అప్పుడు వెనకాల ఎవరినీ నిలబడనివ్వకండి. టైరు పట్టు దొరకగానే పలకని వెనక్కి విసిరికొడుతుంది. ప్లాస్టిక్ ర్యాంపులు వేలు పోసి కొంటున్నారు, ఇసుక మీద అవి టైరుతో పాటే జారిపోతాయి. తాపీపని జరిగే చోట పాత సెంట్రింగ్ పలకలు దొరుకుతాయి, అవే తెచ్చుకోండి.

ఆఖరికి మట్టం చూడాలి. రసమట్టాన్ని (తాపీమేస్త్రీలు మట్టం చూసే పరికరం) బల్ల మీద కాదు, బండి నేల మీద పెట్టండి, ఒకసారి పొడుగునా, ఒకసారి అడ్డంగా. పల్లంగా ఉన్న వైపు టైరు కింద పలక పెట్టి బండిని దాని మీదికి ఎక్కించండి. జాకీతో బండి ఎత్తి అలాగే వదిలేసేవాళ్లున్నారు. జాకీ టైరు మార్చుకోవడానికి, రాత్రంతా ఇంటిని మోయడానికి కాదు, ఇసుకలో అది మెల్లగా కుంగుతుంది. ఎంత ప్రయత్నించినా కొంచెం వాలు మిగిలిందనుకోండి, తల ఎత్తు వైపు పెట్టుకుని పడుకుంటే చాలు. అయితే గ్యాసుతో నడిచే ఫ్రిజ్ ఉన్నవాళ్లు సర్దుకుపోవద్దు, ఒరిగితే అది చల్లబడటం మానేస్తుంది. స్నానం గదిలో నీళ్లు ఏ మూలకి పోతున్నాయో కూడా ఒక చెంబెడు పోసి చూడండి. మట్టం కుదిరాక హ్యాండ్‌బ్రేక్, మొదటి గేరు, టైర్లకి రెండు వైపులా రాళ్లు.

బండి ముఖం ఎప్పుడూ బయటికే ఉండాలి. రాత్రి అల్పపీడనం వానొచ్చినా, ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా తిన్నగా బయటికి వచ్చేయొచ్చు. పక్క బండికి దూరం కూడా చూసుకోండి. బ్రిటన్‌లో బండికీ బండికీ ఆరు మీటర్లు వదలమంటారు, నిప్పు ఒకదాన్నించి ఇంకోదానికి పాకకూడదని. మనకి ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే ఎండిన సరుగుడు ఆకు ఎంత తొందరగా అంటుకుంటుందో పల్లెటూళ్లో పొయ్యి రాజేసినవాళ్లందరికీ తెలుసు. ఆ ఆకు మీద చలిమంట వేస్తామనేవాళ్లని అక్కడే ఆపండి.

కరెంటు, టాయిలెట్

16 ఆంపియర్ల ప్లగ్గు అంటే 230 వోల్టుల దగ్గర 3,600 వాట్ల పైచిలుకు. ఒక టన్ను ఏసీ, ఒక ఇండక్షన్ పొయ్యి కలిపితేనే మూడు వేలు దగ్గరపడుతుంది. అదే లైను మీద ఇంకో నాలుగు బళ్లుంటే ఏసీ గురించి మర్చిపోండి. శీతాకాలం రాత్రి సముద్రం పక్కన ఏసీ ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు. వైరు చుట్టని పూర్తిగా విప్పి పరవండి, చుట్టగా ఉంచి వాడితే వేడెక్కి కరుగుతుంది. రాత్రి గ్యాస్ బండ కట్టేయండి. గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది.

టాయిలెట్ ట్యాంకు ఎక్కడ ఖాళీ చేయాలో వచ్చిన రోజే అడగండి. ఇసుకలో గొయ్యి తీసి పోసేస్తే ఆ నీరు దిగేది ఊరివాళ్లు తాగే బావిలోకే.

మనుషులు

పక్క బండిలోకి చూడాలని అందరికీ ఉంటుంది. "అండీ, లోపల చూడొచ్చా?" అని అడిగి, చెప్పులు మెట్టు దగ్గర విప్పి ఎక్కండి. భోజనాలు కలిపి పెట్టుకుంటారు. పులిహోర మాత్రం తేకండి, ప్రతి బండిలోంచీ అదే దిగుతుంది. చోడి (రాగి) అంబలి తెస్తే పొద్దున్నే మీ బండి ముందు వరస కడతారు. రాత్రి పది దాటాక పాటలు ఆపేయాలి.

జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. సముద్రం వైపున్న లైట్లన్నీ ఆర్పేయండి. తీరం మీద వెలుతురుంటే పెద్ద తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోతుంది, పిల్లలైతే సముద్రం వదిలేసి లైటు వైపు నడుస్తాయి.

వెళ్లేటప్పుడు

అందరికంటే బయటివైపున్న బండి ముందు కదలాలి, వెంటనే ఇంకోటి బయల్దేరకూడదు. మొదటిది గట్టి నేల చేరేదాకా ఆగండి. కరెంటు వైరు పీకారా, టైర్ల కింద రాళ్లు తీశారా, మీద కిటికీ మూశారా అని బండి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. తారు రోడ్డు ఎక్కిన చోటే ఆపి టైర్లలో గాలి నింపండి. బంకు దగ్గర చూసుకుందాంలే అని తక్కువ గాలితో హైవే మీద ఎనభైలో పోయారంటే టైరు వేడెక్కి పేలుతుంది. కంప్రెసర్‌ని అన్నిటికంటే ఆఖర్న, తలుపు దగ్గరే సర్దుకోండి.