టీకా స్లాట్ కోసం ఎదురుచూడటం ఎలా: 2021లో విశాఖలో మేం నేర్చుకున్న పద్ధతి

కోవిడ్ రెండో అల ఉధృతంగా ఉన్న 2021 ఏప్రిల్, మే నెలలు గుర్తున్నాయి కదా. మన స్టీల్ ప్లాంట్ నుంచి ఆక్సిజన్ ట్యాంకర్లు రైలెక్కి మహారాష్ట్ర వెళ్లిన రోజులు. మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. ఇంట్లో పెద్దవాళ్లున్న ఎవరికీ రాత్రి సరిగ్గా నిద్రపట్టేది కాదు. మాది కంచరపాలెం. మా వీధిలో అరవై దాటినవాళ్లు పదకొండు మంది ఉంటే స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చినవాళ్లు ఇద్దరే, మిగతా తొమ్మిది మందికీ రెండు డోసులూ పడేదాకా ఫోన్ పట్టుకుని కూర్చున్నది నేనూ, పక్కింట్లో డిగ్రీ చదువుతున్న అమ్మాయీ. అప్పుడు తెలిసినవన్నీ ఇక్కడ రాస్తున్నా. దేశమంతా ఒకేసారి టీకా కోసం నిలబడాల్సిన పరిస్థితి మళ్లీ వస్తే పోర్టల్ పేరు మారుతుందేమో గానీ జనం ఇబ్బంది పడే చోట్లు ఇవే ఉంటాయి. అప్పుడు కోవిడ్ టీకాకి పేర్లు నమోదు చేసుకున్న పోర్టల్ కోవిన్, పిల్లల టీకాలకి ఇప్పుడు ఆ తరహాలోనే యూవిన్ నడుస్తోంది కాబట్టి ఇందులో కొన్ని ఈరోజుకీ పనికొస్తాయి.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. మీ వయసువాళ్లకి టీకా ఇస్తామని ప్రకటించడం వేరు, మీ వార్డుకి టీకా రావడం వేరు. 2021లో జనవరి 16న ఆరోగ్య సిబ్బందితో మొదలైంది, ఫిబ్రవరిలో పోలీసులు, పారిశుద్ధ్య కార్మికుల్లాంటి ఫ్రంట్‌లైన్ వాళ్లకి, మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్లకీ, జబ్బులున్న నలభై ఐదేళ్లవాళ్లకీ, ఏప్రిల్ 1 నుంచి నలభై ఐదు దాటిన అందరికీ, మే 1 నుంచి పద్దెనిమిది దాటినవాళ్లకి అన్నారు. టీవీలో ఆ తేదీ చూసి కుర్రాళ్లంతా కోవిన్‌లో పేర్లు నమోదు చేసుకున్నారు, మెసేజ్ వచ్చింది, ఇక టీకా వచ్చేసినట్టే అనుకున్నారు. కానీ మన రాష్ట్రంలో ఆ నెలంతా ఉన్న కాస్త టీకానీ నలభై ఐదు దాటినవాళ్ల రెండో డోసుకే ముందు ఇచ్చారు. రిజిస్ట్రేషన్ అంటే మీ పేరు పుస్తకంలోకి ఎక్కింది అంతే, అపాయింట్‌మెంట్ అంటే ఫలానా రోజు, ఫలానా కేంద్రంలో మీ వంతు అని. ఈ రెండూ ఒకటే అనుకుని ఊరికే కూర్చుండిపోయినవాళ్లని మా వీధిలోనే ముగ్గుర్ని చూశాను.

స్లాట్ కనిపించాక కాగితాలు వెతుక్కునే టైమ్ ఉండదు. అందుకే ఈ పనంతా ఎదురుచూసే రోజుల్లోనే చేసుకోవాలి. ఒక నోట్‌బుక్ తీసుకుని మనిషికో పేజీ కేటాయించండి. పేరు ఆధార్ మీద ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి, ఇంటిపేరు ముందుందా వెనకుందా, పూర్తిగా ఉందా ఒక్క అక్షరమే ఉందా అన్నది కూడా. మన తెలుగువాళ్ల పేర్లతో వచ్చే గొడవంతా ఇక్కడే. తర్వాత పుట్టిన సంవత్సరం, ఏ కార్డు ఇస్తున్నారు, దాని నంబరు, ఏ మొబైల్ నంబరు మీద నమోదు చేశారు. అప్పట్లో ఒక నంబరు మీద నలుగురికే వీలుండేది, తర్వాత 2022లో ఆరుగురికి పెంచారు. ఎవరిని ఎవరి నంబరు కింద పెట్టారో రాసుకోకపోతే రెండో డోసు నాటికి మర్చిపోతారు, అది ఎంత పెద్ద తలనొప్పో చివర్లో చెప్తా. ఆధార్ లేకపోతే ఓటరు కార్డు, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్, ఫోటో ఉన్న పెన్షన్ పత్రం కూడా చెల్లేవి, కాబట్టి పెద్దావిడకి ఆధార్‌లో వేలిముద్ర పడటం లేదనో ఫోన్ లింక్ లేదనో ఆగిపోవద్దు.

నోట్‌బుక్ మీకు తెలిసినవాళ్ల చేతిలోనే ఉండాలి, బయటివాళ్లకి ఇవ్వకూడదు. వాట్సాప్‌లో వచ్చే లింకుల్లో ఈ నంబర్లు నింపకండి, ఫోన్ చేసి ఓటీపీ చెప్పమంటే చెప్పకండి. టీకా పేరుతో మోసం చేసేవాళ్లు ఆ రోజుల్లోనే తయారయ్యారు. అప్పట్లో కోవిన్ సైట్, ఆరోగ్యసేతు యాప్, అనుమానం వస్తే 1075 హెల్ప్‌లైన్. ఇవే సరిపోయేవి.

ఇక వెతకడం. పిన్‌కోడ్‌తో వెతకొచ్చు, జిల్లా పేరుతోనూ వెతకొచ్చు. చాలామంది తమ పిన్‌కోడ్ ఒక్కటే కొట్టి, ఏమీ లేదని ఫోన్ పక్కన పడేస్తారు. విశాఖలో కంచరపాలెం పిన్ వేరు, మర్రిపాలెం వేరు, అక్కయ్యపాలెం వేరు, నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న కేంద్రం కూడా మీ పిన్‌లో కనిపించదు. చుట్టుపక్కల నాలుగైదు పిన్‌కోడ్లు రాసి పెట్టుకుని వరసగా కొట్టండి. జిల్లా పేరుతో వెతికితే అన్నీ ఒకేసారి వస్తాయి, అయితే అప్పటికి జిల్లా విడిపోలేదు, అందువల్ల నర్సీపట్నం, పాడేరు, అరకు కూడా మన జాబితాలోనే వచ్చేవి. ఇక్కడ నా మాట ఒకటి వినండి. ఏజెన్సీలో ఖాళీ కనబడింది కదా అని కారేసుకుని వెళ్లి వేయించుకోవద్దు. అక్కడ స్లాట్ ఖాళీగా ఉందంటే అక్కడివాళ్లకి టీకా అక్కర్లేదని కాదు, సిగ్నల్ లేక, ఫోన్ లేక బుక్ చేసుకోలేకపోయారని అర్థం. ఆ డోసు వాళ్ల ఊరి కోసం వచ్చింది. నగరంలో మనకి వేరే దారులున్నాయి, అవి కింద చెప్తా.

స్లాట్లు ఎన్నింటికి తెరుస్తారు అని అందరూ అడిగేవాళ్లు. దానికి ఒక టైమంటూ లేదు. పొద్దున ఎనిమిదికి అని ఒకరు, రాత్రి తొమ్మిదికి అని ఇంకొకరు గట్టిగా చెప్పేవాళ్లు, ఇద్దరూ ఏదో ఒకరోజు నిజమయ్యేవాళ్లే. అసలు జరిగేది ఏమిటంటే, టీకా స్టాక్ జిల్లాకి వస్తుంది, అక్కడి నుంచి కేంద్రాలకి పంచుతారు, ఏ కేంద్రంలో ఏ రోజు ఎన్ని డోసులో తేలాక ఆ వివరం పోర్టల్‌లోకి ఎక్కిస్తారు. అది ఎక్కిన క్షణం నుంచే మీకు కనిపిస్తుంది. కాబట్టి రోజంతా తెర వంక చూస్తూ టెన్షన్ పడేకంటే స్టాక్ వచ్చిందా లేదా అని తెలుసుకోవడం మేలు. అది తెలిసేది మీ వార్డు ఏఎన్ఎంకి, ఆశా కార్యకర్తకి, వార్డు సచివాలయంలో ఆరోగ్యం చూసే సిబ్బందికి. వాళ్లని మర్యాదగా, రోజుకి ఒకసారి మాత్రమే అడగండి. ఆ నెలల్లో ఇంటింటికీ తిరిగి జ్వరాల సర్వే చేసిందీ వాళ్లే, టీకా వేసిందీ వాళ్లే, పైగా జనం తిట్లు కూడా తిన్నది వాళ్లే. మేం మా ఆశా కార్యకర్తకి పదకొండు పేర్లూ వయసులతో సహా ఒకే కాగితం మీద రాసిచ్చాం, టోకెన్లు పంచే రోజు ఆవిడే మా వీధికి వచ్చి పిలిచింది.

టోకెన్ సంగతి చాలామంది చదువుకున్నవాళ్లకే తెలియలేదు. మన దగ్గర మే నెలలో కేంద్రాల ముందు తోపులాటలు జరిగాక ఆశా కార్యకర్తలు, వలంటీర్ల ద్వారా ముందే స్లిప్పులిచ్చి, ఏ రోజు ఏ టైముకి రావాలో చెప్పే పద్ధతి పెట్టారు. నలభై ఐదు దాటినవాళ్లు నేరుగా కేంద్రానికి వెళ్లి అక్కడే నమోదు చేయించుకునే వీలూ ఉండేది, జూన్ 21 తర్వాత పద్దెనిమిది దాటిన అందరికీ అదే మాట వచ్చింది. అంటే ఫోన్‌లో దొరకనంత మాత్రాన దారి మూసుకుపోలేదు. ఫోన్ ఒక వరస, సచివాలయం ఒక వరస, రెండింట్లోనూ నిలబడండి. ఒకచోట దొరకగానే రెండోది వదిలేయండి, అలాగే బుక్ చేసుకున్నాక వెళ్లలేకపోతే తప్పకుండా తేదీ మార్చుకోండి లేదా రద్దు చేయండి. మీరు మర్చిపోయిన ఆ ఒక్క స్లాట్ కోసం ఇంకెవరో నిద్ర మానుకుని కూర్చుని ఉంటారు.

ఫోన్‌లో స్లాట్ కనిపించినప్పుడు కంగారు పడితే పోతుంది. పోర్టల్ కొంతసేపటికి దానంతట అదే లాగౌట్ అయిపోతుంది, మళ్లీ ఓటీపీ, అది వచ్చేలోపు స్లాట్లు ఎర్రగా మారిపోతాయి. కాబట్టి స్టాక్ వచ్చిందని తెలిసిన రోజు ఓటీపీ వచ్చే ఫోన్ చేతిలోనే ఉండాలి. తాతగారి నంబరుతో నమోదు చేసి, ఆయన ఫోన్ గాజువాకలో ఉన్న పెద్దకొడుకు దగ్గర ఉందంటే ఆ రోజు పని జరగదు. ఎవరికి బుక్ చేస్తున్నారో టిక్ పెట్టి, డోసు ఒకటా రెండా చూసుకుని, కోవిషీల్డా కోవాగ్జినా చూసుకుని, ఉచితమా డబ్బు కట్టాలా చూసుకుని నొక్కండి. మార్చిలో ప్రైవేటులో 250 రూపాయలుండేది, జూన్‌లో కేంద్రం పెట్టిన గరిష్ఠ ధర కోవిషీల్డ్‌కి 780, కోవాగ్జిన్‌కి 1410. ఇవి చూడకుండా తొందరలో నొక్కేసి, అంత డబ్బు తేలేక వెనక్కి వచ్చిన ఒక ఆటో డ్రైవర్ కుటుంబం నాకు తెలుసు.

వెళ్లే రోజు పెద్దవాళ్లని ఖాళీ కడుపుతో తీసుకెళ్లకండి. రక్తపరీక్ష అనుకుని మా ఎదురింటి మామ్మ ఏమీ తినకుండా బయల్దేరింది, "ఏటమ్మా, సూది కదా, తినొచ్చా?" అని అడిగితే గానీ మాకు ఆ సంగతి తట్టలేదు. రెండు ఇడ్లీలు తిని, రోజూ వేసుకునే బీపీ, షుగర్ మాత్రలు వేసుకునే వెళ్లాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, ఇదివరకు ఏదైనా ఇంజెక్షన్‌కి ఒళ్లు దద్దుర్లొచ్చినా అక్కడ ముందే చెప్పాలి. మే నెల విశాఖ ఉక్క మీకు చెప్పక్కర్లేదు, గొడుగు, మజ్జిగ సీసా, కూర్చోవడానికి చిన్న స్టూలు ఉంటే చాలా మేలు. భుజం దాకా తేలిగ్గా మడిచే చేతులున్న జాకెట్టో చొక్కానో వేయండి. టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోబెడతారు. ఆ అరగంట కోసమే, కర్ఫ్యూ వేళకి తిరిగి రావడానికి ఆటో ముందే మాట్లాడుకునేవాళ్లం.

సీసా లెక్క కూడా తెలిసి ఉంటే మంచిది. కోవిషీల్డ్ ఒక్కో సీసాలో పది డోసులుండేవి, తెరిచాక నాలుగు గంటల్లో వాడేయాల్సి వచ్చేది. అందుకే ఇద్దరో ముగ్గురో ఉన్నప్పుడు కొత్త సీసా తెరవకుండా కాసేపు ఆగమంటారు, అది నిర్లక్ష్యం కాదు. అలాగే సాయంత్రం ఒకటి రెండు డోసులు మిగిలితే దగ్గర్లో ఎవరున్నారా అని వాళ్లే చూస్తారు. మీ ఇల్లు కేంద్రానికి దగ్గరైతే మీ నంబరు ఏఎన్ఎం దగ్గర ఉంచండి, పిలిస్తే పది నిమిషాల్లో వెళ్లేలా ఉండండి. మా పదకొండు మందిలో ఇద్దరికి మొదటి డోసు ఇలాగే పడింది.

రెండో డోసు దగ్గర మేం నిజంగా బాధపడ్డాం. మా మావయ్యగారికి మార్చి 25న కోవిషీల్డ్ పడింది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో రమ్మన్నారు, మే రెండో వారం నుంచే ఆయన తేదీలు లెక్కపెట్టుకుంటున్నారు. మే 13న ఆ వ్యవధిని 12 నుంచి 16 వారాలకి మార్చారు. ఈ మార్పు తెలియక ఆయన్ని ఎండలో తీసుకెళ్లాను, ఒక కేంద్రంలో మూడు గంటలు నిలబెట్టాక, ఇప్పుడు కాదు, వెళ్లండి అన్నారు. ఆయన మోకాళ్లు నొప్పులతో ఆ రాత్రంతా పడుకోలేదు. అప్పటి నుంచి నేను చేసేది ఇదే: మొదటి డోసు రోజుకి 84 రోజులు కలిపి నోట్‌బుక్‌లో తేదీ వేస్తా, మార్చి 25కి కలిపితే జూన్ 17, బయల్దేరే ముందురోజు రాత్రి వ్యవధి మళ్లీ ఏమైనా మారిందా అని చూస్తా. కోవాగ్జిన్‌కి అప్పట్లో 4 నుంచి 6 వారాలే, ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు రకాలు పడితే తేదీలు కలగాపులగం చేయకండి. మధ్యలో కోవిడ్ వస్తే తగ్గాక మూడు నెలలు ఆగమన్నారు, లెక్క అక్కడి నుంచి మళ్లీ మొదలు.

ఇప్పుడు ఇందాక చెప్తానన్న తలనొప్పి. రెండో డోసుకి వెళ్లినప్పుడు మొదటిసారి ఇచ్చిన మొబైల్ నంబరే చెప్పాలి, అదే కార్డు చూపించాలి. వేరే నంబరు చెబితే కంప్యూటర్ కొత్త మనిషి అనుకుంటుంది, రెండు డోసులు పడినా రెండు మొదటి డోసు సర్టిఫికెట్లే వస్తాయి. మా వీధి చివరి బాబాయిగారికి ఇదే జరిగింది, కొడుకు దగ్గరికి దుబాయ్ వెళ్లాల్సిన మనిషి. కోవిన్‌లో సమస్య నమోదు చేసే చోట రెండు సర్టిఫికెట్లని కలిపే ఏర్పాటు తర్వాత వచ్చింది, పేరు, పుట్టిన సంవత్సరం తప్పులు దిద్దుకోవడానికీ అదే చోటు. అందుకే టీకా వేశాక అరగంట కూర్చోబెడతారు చూడండి, ఆ టైములోనే మెసేజ్ వచ్చిందా, పేరు సరిగ్గా ఉందా, ఎన్నో డోసు అని పడింది అని చూడండి. తప్పుంటే నమోదు చేసినావిడ ఇంకా అదే టేబుల్ దగ్గర ఉంటుంది, అప్పుడే వెళ్లి చెప్పండి. సరిగ్గా ఉంటే సర్టిఫికెట్ దించుకుని, ఒక కాపీ ప్రింట్ తీసి ఆధార్ కార్డు పెట్టుకునే కవర్‌లోనే పెట్టి పెద్దవాళ్ల చేతికివ్వండి.