డీఫార్మానా, బీఫార్మానా, ఫార్మ్‌డీనా? విశాఖ విద్యార్థి ఎలా తేల్చుకోవాలి

ఇంటర్ ఫలితాలు వచ్చాక విశాఖలో చాలా ఇళ్లలో ఇదే చర్చ. నీట్ ర్యాంకు సరిపోలేదు, ఇంజనీరింగ్ మీద మనసు లేదు, పోనీ ఫార్మసీ చేద్దామంటే అందులోనే నాలుగైదు దారులు: డిప్లొమా అయిన డీఫార్మా, డిగ్రీ అయిన బీఫార్మా, దాని పైన పీజీ అయిన ఎంఫార్మా, ఆస్పత్రి వైపు తీసుకెళ్లే ఫార్మ్‌డీ. ఎక్కువమంది ఏళ్లు లెక్కపెట్టి నిర్ణయం తీసుకుంటారు. రెండేళ్లది చిన్న చదువు, ఆరేళ్లది పెద్ద చదువు అనుకుంటారు. అలా కాకుండా, రేపు మీరు ఎక్కడ నిలబడి పనిచేయాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి. కోర్సు దాన్నిబట్టి వస్తుంది.

మొదట: ఇంట్లో ఉన్న మాత్రల షీటు తిప్పి చూడండి

బీపీ మాత్రో, యాంటీబయాటిక్కో ఏదైనా సరే. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని వెనక సన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ మాట అమలు చేయాల్సింది షాపులో ఉండే ఫార్మసిస్టు. ఆ ఉద్యోగానికి డీఫార్మా చాలు. పక్కనే బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ ఉంటాయి. ఆ గడువు ఊరికే వేసింది కాదు, ఫ్యాక్టరీ ల్యాబులో నెలల తరబడి పరీక్షించి తేల్చింది. అక్కడ బీఫార్మా, ఎంఫార్మా చదివినవాళ్లు ఉంటారు. మందు పేరు చివర ఎస్ఆర్ అనో ఎక్స్ఎల్ అనో ఉంటే, అది కడుపులో నెమ్మదిగా విడుదలయ్యేలా తయారుచేశారని అర్థం. ఆ తయారీ మీద పరిశోధన చేయాలంటే ఎంఫార్మా దాకా వెళ్లాలి.

షీటు మీద కనపడని పని ఇంకొకటుంది. కిడ్నీ దెబ్బతిన్న మనిషికి ఇదే మందు ఎంత తగ్గించాలి? ఇప్పటికే వాడుతున్న మందుతో దీనికి పడుతుందా? వార్డులో ఉండి ఇది చూసి డాక్టరుకు చెప్పేది క్లినికల్ ఫార్మసిస్టు. ఫార్మ్‌డీ చదువంతా దాని కోసమే.

వీటిలో ఏ పని మీద మీకు ఆసక్తి కలిగిందో రాసి పెట్టుకోండి. తేలకపోతే ఒకసారి పెద్ద ప్రభుత్వాస్పత్రి కేజీహెచ్ ఎదురుగా మందుల షాపుల వరుస దగ్గర సాయంత్రం పూట నిలబడి చూడండి. పరవాడకో అచ్యుతాపురానికో ఫ్యాక్టరీ షిఫ్టుకు వెళ్లే బంధువులుంటే రాత్రి డ్యూటీ ఎలా ఉంటుందో అడగండి. వెబ్‌సైట్లు చూసేకంటే ఇలా తెలుసుకుంటే నయం.

రెండోది: దారులు, వాటి లోతు

డీఫార్మా రెండేళ్లు, ఆపైన 500 గంటల శిక్షణ. ఎంపీసీ వాళ్లూ బైపీసీ వాళ్లూ చేరవచ్చు. సీటు ఇంటర్ మార్కులతో వస్తుంది, ఎంట్రన్స్ ఉండదు. రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకుంటే సొంతంగా మందుల షాపు పెట్టుకోవచ్చు, ప్రభుత్వ ఆస్పత్రుల ఫార్మసిస్టు పోస్టులకు దరఖాస్తు పెట్టవచ్చు. దీన్ని తక్కువ చదువని తీసిపారేయకండి. ఇంటి పరిస్థితివల్ల తొందరగా సంపాదనలో పడాల్సిన పిల్లలకు ఇంత నికరమైన దారి ఇంకోటి నాకు కనపడదు. పైగా ఇక్కడితో తలుపు మూసుకుపోదు. డిప్లొమా వాళ్లకు పెట్టే ప్రవేశ పరీక్ష ఏపీ ఈసెట్ రాస్తే నేరుగా బీఫార్మా రెండో ఏడాదిలో చేరవచ్చు. ఒక్క విషయం గుర్తుంచుకోండి. డిప్లొమా వాళ్లకు చదువయ్యాక రాసే ఎగ్జిట్ పరీక్ష పెడుతూ 2022లో నిబంధనలు వచ్చాయి. మీ బ్యాచ్‌కు అది ఎలా వర్తిస్తుందో రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌ను అడిగాకే చేరండి.

బీఫార్మా నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లు మొదటి సెమిస్టర్లో బయాలజీ, బైపీసీ నుంచి వచ్చినవాళ్లు మ్యాథ్స్ అదనంగా చదవాలి. కాబట్టి ఏ గ్రూపు అన్న దిగులు అక్కర్లేదు. ఏ పని చేయాలో ఇంకా తేలనివాళ్లకు నేను చెప్పేది ఇదే కోర్సు. ఫ్యాక్టరీ, షాపు, మార్కెటింగ్, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పరీక్ష, జీప్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎంఫార్మా, అన్నిటికీ ఇక్కడి నుంచి దారి ఉంది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పోస్టుకు డీఫార్మా సరిపోదు, డిగ్రీ ఉండాల్సిందే.

అయితే మన ఊరి సంగతి ఒకటి ఉంది. ఇది కాలేజీ వాళ్లు సాధారణంగా చెప్పరు. విశాఖ చుట్టూ ఉన్న కంపెనీల్లో, అంటే పరవాడ ఫార్మా సిటీ, భీమిలి దగ్గరి చిప్పాడ, నక్కపల్లి వైపు ఉన్నవాటిలో, ఎక్కువ భాగం మందుకు ముడిసరుకు తయారుచేస్తాయి. మాత్రలు, క్యాప్సూల్స్ చేసే యూనిట్లు తక్కువ. ముడిసరుకు తయారీ అంటే కెమిస్ట్రీ పని. అక్కడ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, కెమికల్ ఇంజనీరింగ్ వాళ్లతో మీకు పోటీ ఉంటుంది. బీఫార్మా వాళ్లకు ఎక్కువగా క్వాలిటీ కంట్రోల్‌లోనో, క్వాలిటీ అస్యూరెన్స్‌లోనో అవకాశం వస్తుంది. ఇంటి దగ్గరే ఉద్యోగం అనే ఒక్క ఆశతో చేరేవాళ్లు ఇది తెలుసుకుని చేరాలి. మాత్రల తయారీ నేర్చుకోవాలంటే హైదరాబాద్ వెళ్లాల్సి రావచ్చు.

ఫార్మ్‌డీ ఆరేళ్లు. ఐదేళ్ల చదువు, ఆరో ఏడాది ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్. అందులో ఆరు నెలలు జనరల్ మెడిసిన్, మిగిలిన ఆరు నెలలు మరో మూడు విభాగాల్లో రెండేసి నెలలు. మన దేశంలో ఇది 2008లో మొదలైంది. బీఫార్మా అయ్యాక మూడేళ్లలో పూర్తిచేసే పద్ధతి కూడా ఉంది. అమెరికాలో ఫార్మసిస్టుగా లైసెన్సు తెచ్చుకోవాలనుకునేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. 2003 నుంచి పట్టా అందుకున్న విదేశీ విద్యార్థులకు అక్కడ కనీసం ఐదేళ్ల ఫార్మసీ చదువు అడుగుతున్నారు. నాలుగేళ్ల బీఫార్మాతో లైసెన్సు కోసం రాయాల్సిన పరీక్షకు అర్హత రాదు. అక్కడ పీజీ, అంటే ఎమ్మెస్ చేయడానికి మాత్రం బీఫార్మా సరిపోతుంది.

పేరులో డాక్టర్ అన్న మాట ఉందని ఫార్మ్‌డీలో చేరేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఈ చదువుతో మందులు రాసే అధికారం రాదు. ఎంబీబీఎస్ రాలేదన్న లోటు దీనితో తీరదు. చాలా ఆస్పత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టు పోస్టులు ఇంకా తక్కువే. రోగుల దగ్గర పనిచేయడం నిజంగా ఇష్టమైతేనే ఆరేళ్లు పెట్టండి. అలా ఇష్టపడి చదివినవాళ్ల విలువ వార్డులో తెలుస్తుంది.

మూడోది: కాలేజీకి అనుమతి ఉందో లేదో మీరే చూడండి

దీనికి ఒక పూట కేటాయించండి. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే పీసీఐ వెబ్‌సైట్లో కాలేజీ పేరుతో వెతకండి. కోర్సు నడుపుకోవడానికి ఇచ్చే అనుమతి వేరు, ఫార్మసీ చట్టం 12వ సెక్షన్ కింద ఇచ్చే ఆమోదం వేరు. పట్టా చేతికొచ్చాక రిజిస్ట్రేషన్ కావాలంటే ఆ రెండోది ఉండాలి. కొత్త కాలేజీకి మొదటి బ్యాచ్ బయటికి వచ్చే సమయానికే అది వస్తుంది. అందుకే కొత్త కాలేజీ అయితే రెండింతలు జాగ్రత్తపడాలి. కాలేజీకి ఆమోదం ఉన్నా సరిపోదు, మీరు చేరే కోర్సు పేరు అందులో విడిగా కనపడాలి.

"రోజూ రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. బీఫార్మాలో ప్రతి సబ్జెక్టులోనూ 80 శాతం హాజరు ఉండాలి. దూరవిద్యలో ఫార్మసీ చదువు లేదు. చదువయ్యాక సర్టిఫికెట్‌ను షాపుకు అద్దెకిచ్చి నెలనెలా డబ్బు తీసుకోవచ్చని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. మీ పేరు గోడకు తగిలించి, మందుల గురించి ఏమీ తెలియని కుర్రాడు జనానికి మాత్రలు ఇవ్వడమన్నమాట. ఆ డబ్బు తీసుకోకండి.

నాలుగోది: ఈఏపీసెట్, ఆప్షన్లు

బీఫార్మా, ఫార్మ్‌డీ రెండింటికీ రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఏపీ ఈఏపీసెట్ రాయాలి, నీట్ అవసరం లేదు. 160 ప్రశ్నలు, 3 గంటలు, తప్పుకు మార్కు కోయరు. ఎంపీసీ, బైపీసీ కౌన్సెలింగ్‌లు వేర్వేరుగా జరుగుతాయి. ఫార్మసీ సీట్ల భర్తీ కొన్నేళ్లు బాగా ఆలస్యమైంది. టెన్షన్ పడి ఈలోగా మేనేజ్‌మెంట్ సీటుకు అడ్వాన్సు కట్టేయకండి. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావే, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చేవే. గీతం లాంటి డీమ్డ్ వర్సిటీ సొంతంగా ప్రవేశాలు చేసుకుంటుంది, దానికి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి.

మంచి ర్యాంకు వస్తే ఆంధ్రా యూనివర్సిటీని పైన పెట్టండి. అక్కడ ఫార్మసీ విభాగం 1951 నుంచీ ఉంది. పూర్వ విద్యార్థులు దేశమంతా కంపెనీల్లో ఉన్నారు, ఉద్యోగం వెతుక్కునే వేళ ఆ పరిచయం అక్కరకొస్తుంది.

ఐదోది: సీటు ఖాయం చేసేముందు కాలేజీకి వెళ్లండి

సెలవు రోజు కాకుండా క్లాసులు జరిగే రోజు వెళ్లండి. ల్యాబులోకి వెళ్లి పిల్లలు ప్రయోగాలు తామే చేస్తున్నారా, లేక రికార్డులు చూసి ఎక్కించుకుంటున్నారా చూడండి. బీఫార్మాలో ఆరో సెమిస్టర్ తర్వాత 150 గంటల శిక్షణ ఉంటుంది, పోయిన ఏడాది పిల్లల్ని ఏ కంపెనీకి పంపారో అడగండి. ఫార్మ్‌డీ అయితే ఒప్పందం ఉన్న ఆస్పత్రి పేరు అడగండి. దానికి కనీసం 300 పడకలు ఉండాలి. ఆ ఆస్పత్రికీ వెళ్లి, ఫార్మ్‌డీ పిల్లలు రోజూ రౌండ్స్‌కు వస్తున్నారా అని వార్డు నర్సును అడగండి. ఆఫీసులో చెప్పిన మాట, వార్డులో విన్న మాట కలవకపోతే ఆ ఆప్షన్ కిందికి జరపండి.