ఎపిసోడ్ రాయడం నేర్చుకుందాం – 6వ పాఠం: కూరలో లేని మాంసం

పోయిన పాఠంలో ఎపిసోడ్‌కి అస్థిపంజరం కట్టుకున్నాం. ఎవరికి ఏం కావాలి, దానికి ఏది అడ్డం, చివరికి దక్కిందా లేదా. ఇంటిపనిగా ఒక పేజీ కథ రాయమన్నాను. రాసి ఉంటే దాన్ని పక్కన పెట్టుకోండి, ఈ పాఠం చివర్లో పని పడుతుంది. రాయనివాళ్లు కూడా చదవొచ్చు గానీ, గట్టున కూర్చుని ఈత నేర్చుకున్నట్టే ఉంటుంది.

ఇవాళ్టి పని ఒకే కథలో నవ్వునీ చీకటినీ కలిపి నడపడం. దీనికి నేను పాఠ్యపుస్తకంగా పెట్టుకున్నది 'కౌబాయ్ బీబాప్' అనే జపాన్ యానిమే, అంటే యానిమేషన్ సీరియల్. 1998లో సన్‌రైజ్ స్టూడియో తీసింది. దర్శకుడు షినిచిరో వతనబె, ప్రధాన రచయిత్రి కెయికొ నొబుమొతొ, సంగీతం యోకొ కన్నొ. మొత్తం 26 ఎపిసోడ్‌లు. పాటగాళ్ల భాషలో వాటిని 'సెషన్'లు అన్నారు. కథ జరిగేది 2071లో. చంద్రుడి దగ్గర జరిగిన ఒక పెద్ద ప్రమాదం వల్ల భూమి మీద బతుకు కష్టమైపోయి, మనుషులు అంగారకుడి మీదా, గురుగ్రహపు ఉపగ్రహాల మీదా సర్దుకున్నారు. నేరస్థులు ఎక్కువ, పోలీసులు తక్కువ. అందుకని తలకింత అని వెల కట్టి, పట్టి తెచ్చినవాళ్లకి డబ్బిస్తారు. ఆ పని చేసే బౌంటీ హంటర్లనే అక్కడ కౌబాయ్‌లంటారు.

బీబాప్ అనేది ఒక ఓడ పేరు. అందులో ఒకప్పటి మాఫియా మనిషి స్పైక్, ఒకప్పటి పోలీసు జెట్, నిలువునా అప్పుల్లో ఉన్న ఫే, కంప్యూటర్లతో ఆడుకునే పిల్ల ఎడ్, ఐన్ అనే కుక్క ఉంటారు. వీళ్లలో ఎవరి దగ్గరా డబ్బు నిలవదు. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి.

ఇందాక చీకటి అన్నాను కదా, ఆ తరహాని నువార్ అంటారు. ఆ మాట ముందు వస్తుంది కాబట్టి దాని సంగతి కూడా చెప్పేస్తాను. ఫ్రెంచిలో నలుపు అని అర్థం. 1940ల అమెరికన్ క్రైమ్ సినిమాలని చూసిన ఫ్రెంచి విమర్శకులు 1946 ప్రాంతంలో పెట్టిన పేరు. వాన, సిగరెట్టు పొగ, వదలని గతం, గెలిచినా ఏమీ మిగలని హీరో. ఇంతకంటే నిర్వచనం మనకి అక్కర్లేదు.

మొదటి సెషన్‌ని విప్పి చూద్దాం

మొట్టమొదటి సీన్‌లో మాటలుండవు. రంగు వెలిసిపోయిన వీధి, వాన, నీటిగుంటలో పడిన గులాబీ, తుపాకుల కాల్పులు. టైటిల్స్ అయ్యాక ఓడ లోపలికి వస్తాం. స్పైక్ చీకట్లో ఒక్కడే కుంగ్‌ఫూ సాధన చేస్తుంటాడు, జెట్ వంట చేస్తుంటాడు. భోజనానికి కూర్చున్నాక స్పైక్‌కి ఒక అనుమానం. ఇది క్యాప్సికం, బీఫ్ వేపుడు అన్నావు, ఇందులో బీఫ్ ఏది? జెట్ సమాధానం ఏమిటంటే చేతిలో డబ్బు లేనప్పుడు దీన్నే బీఫ్ వేపుడంటారు అని. మన ఇళ్లల్లో నెలాఖరున చేసే ముక్కల్లేని ముక్కల పులుసు లాంటిదే.

చూసినవాళ్లు నవ్వుతారు. ఈ జోకుని అందరూ గుర్తు పెట్టుకుంటారు కూడా. కానీ రాసేవాళ్లం నవ్వేసి ఊరుకోకూడదు. దాని ఆకారం ఏమిటో చూడాలి. పేరుంది, వస్తువు లేదు.

ఇప్పుడు మిగతా ఎపిసోడ్ చూడండి. వీళ్లు వేటాడేది అసిమోవ్ అనే వాణ్ణి. వాడు తన ముఠానే మోసం చేసి, కళ్లల్లో చల్లుకునే ఒక మత్తుమందు ఎత్తుకొచ్చాడు. వాడితో ఉన్న కాతరీనా నిండు గర్భిణి. మార్స్‌కి వెళ్లి సుఖంగా బతకాలని ఆమె ఆశ. చివర్లో తేలేదేమిటంటే ఆ కడుపులో బిడ్డ లేదు. ఉన్నవి మందు సీసాలు. గుండు తగిలినప్పుడు అవే రాలిపడతాయి. ఆఖరికి ఆమే అసిమోవ్‌ని కాల్చేస్తుంది, ఆమెని పోలీసులు కాల్చేస్తారు. స్పైక్ చేతికి పైసా రాదు.

మాంసం లేని కూర. బిడ్డ లేని కడుపు. డబ్బు లేని వేట. మూడూ ఒకటే అచ్చులో పోసినవి. మొదటిది నవ్వించింది, రెండోది ఎక్కడో పట్టుకుంది, మూడోది నవ్వాలో ఏడవాలో తెలియకుండా చేసింది. నొబుమొతొ అచ్చంగా ఇలాగే లెక్కేసుకుని రాసిందని నేను అనను. రచయితలకి చాలా విషయాలు చేతికి ముందు తెలుస్తాయి, బుర్రకి తర్వాత తెలుస్తాయి. మనం నేర్చుకునేవాళ్లం కాబట్టి బుర్రతో మొదలుపెడదాం.

కొత్తగా రాసేవాళ్లు ఎక్కువమంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. నేనూ వేశాను, ఒకటి కాదు, ఏళ్ల తరబడి. కామెడీ అంటే ఒక కామెడీ పాత్రని పెట్టి, రెండు సీరియస్ సీన్ల మధ్య అతన్ని వదలడం అనుకుంటాం. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క అలాగే వస్తారు. రామాయణం నడుస్తుండగా తెర మీదకి దూకి, నాలుగు మోటు మాటలు ఆడుకుని పోతారు. రాత్రంతా మేలుకుని చూసే జనానికి అది కావాలి, ఆ ఆటకి అది బలం కూడా. ఇరవై నాలుగు నిమిషాల ఎపిసోడ్‌లో అంత చోటు లేదు. బీబాప్‌లో కేతిగాడూ రాముడూ ఒకడే. ఆకలేసి గొణిగిన నోటితోనే తర్వాత చావు గురించి మాట్లాడాలి.

ఒక చిన్న విషయం. 1998 ఏప్రిల్‌లో టీవీ టోక్యో ఈ సిరీస్ వెయ్యడం మొదలుపెట్టినప్పుడు ఈ మొదటి సెషన్ వెయ్యనే లేదు. జూన్ దాకా మొత్తం 26లో 12 మాత్రమే వేసి, చివర్లో పాత ముక్కలు అతికిన ఒక ఎపిసోడ్‌తో ముగించారు. అక్టోబర్‌లో వావ్‌వావ్ అనే శాటిలైట్ చానల్ మొదలుపెట్టాక గానీ పూర్తిగా రాలేదు. అలా మధ్యలో ముక్కలు పీకేసినా సిరీస్ నిలబడిందంటే, చాలా సెషన్లు ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడేలా రాశారు కాబట్టే. పోయిన పాఠంలో ప్రతి ఎపిసోడ్‌కీ సొంత వెన్నెముక ఉండాలని నేను విసిగించింది అందుకే.

ఎంత దూరం పెట్టాలి?

అదే లోటుని నవ్వుగా ఒకసారి, గాయంగా ఒకసారి వాడాలని తేలింది కదా. మరి రెండింటికీ మధ్య ఎంత ఎడం ఉండాలి? దీనికి లెక్క లేదు, చెవి మాత్రమే ఉంది. మూడు కొలతలు చూపిస్తాను.

ఒక్క కట్ దూరం. 5వ సెషన్‌లో పాడుబడ్డ చర్చిలో స్పైక్‌కీ పాత స్నేహితుడు విషస్‌కీ పోరు. స్పైక్ రంగు అద్దాల కిటికీలోంచి వెనక్కి పడిపోతాడు. పడుతుంటే పిల్లల గొంతుతో ఒక ప్రార్థనలాంటి పాట, పాత జ్ఞాపకాల తునకలు. వాటిలో ఒకటి: దెబ్బలు తిని పడుకున్న స్పైక్, పక్కన కూనిరాగం తీస్తున్న అతని ప్రేయసి జూలియా. ఈ సిరీస్ మొత్తంలో నువార్ ఇంత చిక్కగా ఉన్న చోట్లు రెండో మూడో ఉంటాయి. తర్వాత స్పైక్ కళ్లు తెరుస్తాడు. ఒళ్లంతా కట్లు. పక్కన ఫే కూనిరాగం తీస్తోంది. దగ్గరికి రమ్మని సైగ చేస్తాడు. ఆమె వంగుతుంది. కృతజ్ఞత చెప్తాడనుకుంటాం. నీ పాట అపశ్రుతిగా ఉందంటాడు. ఆమె దిండుతో బాదుతుంది, ఈకలు గాల్లోకి లేస్తాయి. రెండు సీన్లకీ ఉమ్మడిగా ఉన్నదేమిటో చూడండి: పడుకున్న మనిషి, పాడుతున్న ఆడగొంతు. స్పైక్ జ్ఞాపకంలో పాడిన మనిషి ఇక్కడ లేదు. ఉన్నామె శ్రుతిలో లేదు.

ఒక ఎపిసోడ్ దూరం. 18వ సెషన్. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, అందుకని ఇక్కడ కాస్త ఆగుతాను. ఫే పేరు మీద ఒక పార్సెల్ వస్తుంది. అప్పులవాళ్లేమో అని టెన్షన్‌తో ఆమె పారిపోతుంది. విప్పితే పాత వీడియో క్యాసెట్టు, అదీ బీటా రకం. ఆడించే యంత్రం దొరకదు. పాత సామాన్ల పిచ్చి ఉన్న ఒక దుకాణదారు దగ్గర దొరుకుతుంది, బొమ్మ సరిగా రావట్లేదని స్పైక్ దాన్ని తంతాడు, యంత్రం గోవిందా. స్పైక్, జెట్ ఇద్దరూ భూమికి వెళ్లి, పాడుబడ్డ కట్టడంలో అడుగు తర్వాత అడుగు దిగి, ప్రాణాల మీదకి తెచ్చుకుని ఒక యంత్రం మోసుకొస్తారు. తెచ్చింది వీహెచ్‌ఎస్ అనే వేరే రకం. క్యాసెట్టు పట్టదు.

దాదాపు ఎపిసోడంతా ఈ వెతుకులాట కామెడీయే. ఆఖరికి సరైన యంత్రం మరో పార్సెల్‌లో దానంతట అదే వస్తుంది. ఆడిస్తే తెర మీద చిన్నప్పటి ఫే. ఎప్పటికో పెద్దయ్యే తనకి తనే ఉత్సాహం చెప్పుకుంటూ గంతులేస్తుంటుంది. ఫే ఒక ప్రమాదం తర్వాత 54 ఏళ్లు శీతల నిద్రలో ఉండి లేచిన మనిషి. గతమంతా చెరిగిపోయింది. తెర ముందు నిలబడి, నాకు గుర్తు రావట్లేదు అంటుంది. అంతే.

క్యాసెట్టు ఉంటే యంత్రం లేదు. యంత్రం వచ్చాక జ్ఞాపకం లేదు. నవ్వుతూ నవ్వుతూ మనం వెతికిందంతా తీసుకెళ్లి ఒక ఖాళీ ముందు నిలబెట్టింది. ఈ ఎపిసోడ్‌లో జెట్ ఉరషిమా తరో కథ చెప్తాడు. సముద్రం అడుగున కొద్ది రోజులే ఉండి వచ్చానని జాలరి అనుకుంటాడు, ఊళ్లో తరాలు గడిచిపోయి ఉంటాయి. మనకి రేవతి కథ ఉంది. తండ్రి కకుద్మి ఆమెకి వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకం వెళ్లి, పాట అయ్యేదాకా ఆగుతాడు. ఆలోపు కింద 27 చతుర్యుగాలు గడిచిపోతాయి. రేవతికి బలరాముడు దొరికాడు. ఫేకి దొరికింది బాకీల చిట్టా.

సిరీస్ దూరం. 11వ సెషన్‌లో ఓడలో ఏదో జంతువు ఒక్కొక్కర్నీ కరిచి పడగొడుతుంటుంది. ఏమిటా అంటే, స్పైక్ ఎప్పుడో ఫ్రిజ్‌లో పెట్టి మరచిపోయిన ఎండ్రొయ్య. అది కుళ్లి, ఏదో ప్రాణిగా మారింది. పగలబడి నవ్వే ఎపిసోడ్. కానీ స్పైక్ ఫ్రిజ్‌లో పెట్టి మూత వేసింది ఎండ్రొయ్యనొక్కదాన్నేనా? విషస్, జూలియా, తను వదిలొచ్చిన రెడ్ డ్రాగన్ ముఠా, అన్నీ అక్కడే ఉన్నాయి. 25, 26 సెషన్లలో ఆ తలుపు తెరుచుకుంటుంది. అప్పుడెవరూ నవ్వరు.

24వ సెషన్‌లో ఎడ్, ఐన్ వెళ్లిపోయాక స్పైక్, జెట్ ఎదురెదురుగా కూర్చుని ఉడికించిన గుడ్లు నోట్లో కుక్కుకునే సీన్ ఉంది. వెళ్లిపోయినవాళ్ల వాటా కూడా తినేస్తారు. ఒక్క మాట ఉండదు. మొదటి సెషన్‌లో మనుషులున్నారు, మాంసం లేదు. ఇక్కడ తిండి ఉంది, మనుషులు లేరు. సౌండ్ తీసేసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూడండి.

2021లో నెట్‌ఫ్లిక్స్ నిజం మనుషులతో దీన్ని మళ్లీ తీసింది, ఒక్క సీజన్‌తో ఆపేసింది. నాకు అనిపించింది చెప్తాను, మీరు ఒప్పుకోనక్కర్లేదు: డైలాగుల్లో జోకులు పెరిగాయి, ఆకలి తగ్గింది.

నా చిత్తుప్రతి ఒకటి

చెప్పడం తేలిక. నా కథనే విప్పి చూపిస్తాను. శనిగ్రహపు ఉపగ్రహం టైటన్ చుట్టూ తిరిగే ఒక పాత ఓడ. అందులో ఒక ముసలాయన, అతని మేనకోడలు, ఇద్దరూ బౌంటీ హంటర్లు. గోడ గడియారానికి నిమిషాల ముల్లు లేదు. "మామయ్యా, టైమెంత?" అంటే "నాలుగైనట్టుంది" అంటాడు. ఎప్పుడడిగినా 'ఐనట్టుంది' తప్ప ఇంకో మాట రాదు. వాళ్లు పట్టుకోవాల్సింది ఒక గడియారాల రిపేరువాణ్ణి.

మొదటి చిత్తులో గడియారం జోకు అక్కడితో అయిపోయింది. చివర్లో రిపేరువాణ్ణి వానలో పోలీసులు కాల్చేస్తారు, మేనకోడలికి చనిపోయిన తండ్రి గుర్తొస్తాడు. చదివినవాళ్లు బావుందన్నారు. నాకు తెలుసు, బాలేదు. ఆ వాన అరువు తెచ్చుకున్న వాన. టైటన్ మీద పడేది నీళ్లు కాదు, ద్రవ మీథేన్. అది కూడా చూసుకోలేదు.

రెండో చిత్తులో వాన తీసేశాను, తండ్రినీ తీసేశాను. రిపేరువాడు దొరికి, చేతులు కట్టేసి ఓడలో కూర్చుంటాడు. గోడ వైపు చూసి చూసి, ఉండబట్టలేక కట్లు విప్పమంటాడు. తన చేతిగడియారంలోని ముల్లు పీకి, వంచి, సరిచేసి దానికి బిగిస్తాడు. మరునాడు అతన్ని అప్పగిస్తారు. డబ్బు చేతికొస్తుంది. ఓడలో ఇద్దరూ భోజనానికి కూర్చుంటారు.

"మామయ్యా, టైమెంత?"

"నాలుగూ పది."

ఆమె తినడం ఆపి, లేచి, అద్దం తెరిచి, ఆ ముల్లు తీసేస్తుంది.

ఇంటిపని

మీ పేజీలో ఇప్పటికే ఉన్న జోకు ఒకటి వెతకండి. కొత్తది రాయొద్దు. అందులో లేనిదేమిటో ఒక్క మాటలో మార్జిన్‌లో రాసుకోండి: డబ్బు, ముల్లు, చెప్పుల జతలో ఒకటి, ఏదైనా. లేనిదంటూ ఏదీ దొరక్కపోతే ఆ జోకు మాటల గారడీ అన్నమాట, కొట్టెయ్యండి. తర్వాత కథ చివర్లో అదే లోటు మళ్లీ కనబడేలా ఒక సీను రాయండి. అరపేజీ మించకూడదు. ఆ సీన్‌లో ఎవరూ ఏడవకూడదు, గతం గురించి ఎవరూ నోరెత్తకూడదు. కనీసం ఒకరు ఏదో ఒకటి తింటూ ఉండాలి. ఈ ఆఖరి నియమం ఎందుకని అడిగితే నా దగ్గర సరైన జవాబు లేదు, నోట్లో ముద్ద ఉన్న పాత్ర ఉపన్యాసం ఇవ్వలేదు, అంతే.

రాసినదాన్ని రెండు రోజులు ముట్టుకోకుండా ఉంచి, మూడో రోజు పైకి చదవండి. 7వ పాఠంలో విలన్ సంగతి చూద్దాం. దానికి ముందు 22వ సెషన్ చూసి రండి. అందులో టెడ్డీ బొమ్మల్లో బాంబులు పెట్టేవాడొకడు తన ఆశయం గురించి చెప్పబోయిన ప్రతిసారీ ఏమవుతోందో లెక్కపెట్టి పెట్టుకోండి.