రాత్రి పడుకునే ముందు కారు తాళం ఎక్కడ పెడుతున్నారు?

ఇంటికి రాగానే కారు తాళాన్ని వీధి తలుపు పక్కన మేకుకు తగిలించడం చాలామందికి అలవాటు. పొద్దున్నే వెతుక్కునే పని ఉండదు, ఇంట్లో ఎవరికి కావాల్సినా చేతికి దొరుకుతుంది. పగలైతే ఫరవాలేదు. రాత్రి మాత్రం కారు దొంగకు ఇంతకంటే అనుకూలమైన చోటు ఇంట్లో ఇంకొకటి లేదు. కిటికీలు తీసి పడుకునే ఎండాకాలం, పొద్దు త్వరగా వాలిపోయే చలికాలం, ఇల్లు వదిలి వెళ్లే సెలవులు రాకముందే ఆ మేకు సంగతి తేల్చుకోండి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. రాత్రి తాళం పెట్టే చోటు ముగ్గురు వేర్వేరు దొంగలను దృష్టిలో పెట్టుకుని ఎంచుకోవాలి. ఒకడు ఇంట్లో అడుగు పెట్టకుండానే తాళం సిగ్నల్‌ను బయటి నుంచి వాడుకుంటాడు. ఇంకొకడు కిటికీలోంచో తలుపు సందులోంచో కర్ర దూరుస్తాడు. మూడోవాడు తలుపు పగలగొట్టుకుని లోపలికే వస్తాడు. మొదటి ఇద్దరి కోసం తీసుకున్న జాగ్రత్త మూడోవాడు వచ్చినప్పుడు మన ప్రాణం మీదికి తేవచ్చు. అందుకే "మంచం పక్కన పెట్టుకుంటే చాలు" అనే సలహాను నేను ఒప్పుకోను.

ముందు మీ తాళం ఏ రకమో చూడండి. ఇగ్నిషన్‌లో పెట్టి తిప్పే తాళమైనా, రిమోట్ బటన్ నొక్కితేనే తలుపు తెరుచుకునే తాళమైనా మొదటి దొంగ గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. తాళం జేబులో ఉండగా హ్యాండిల్ పట్టుకుంటే తలుపు తెరుచుకుని, బటన్ నొక్కితే స్టార్టయ్యే కీలెస్ కారు ఉన్నవాళ్లే ఎక్కువ జాగ్రత్తపడాలి.

ఆ కారు ఎలా పనిచేస్తుందో తెలిస్తే తాళం ఎక్కడ పెట్టాలో మీకే అర్థమవుతుంది. మీరు హ్యాండిల్ ముట్టుకోగానే కారు "నా తాళం దగ్గర్లో ఉందా?" అని ఒక సిగ్నల్ పంపుతుంది. చాలా కార్లలో ఇది 125 కిలోహెర్ట్జ్ దగ్గర ఉండే తక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్. మామూలుగా ఒకటి రెండు మీటర్లు దాటి పోదు. అది విన్న తాళం 315 లేదా 433 మెగాహెర్ట్జ్ దగ్గర జవాబు ఇస్తుంది. ఈ జవాబు పదుల మీటర్ల దూరం పోగలదు. పిలుపు అంత తక్కువ దూరమే వినిపిస్తుంది కాబట్టి, జవాబు వచ్చిందంటే తాళం పక్కనే ఉన్నట్టని కారు లెక్క.

దొంగలు ఆ లెక్క మీదే దెబ్బకొడతారు. ఇద్దరు వస్తారు. ఒకడు ఒక పరికరంతో కారు దగ్గర నిలబడతాడు. రెండోవాడు ఇంకో పరికరాన్ని మీ తలుపు దగ్గర, గోడ వెంబడి తిప్పుతాడు. కారు పిలుపును మొదటి పరికరం అందుకుని రెండోదానికి పంపుతుంది. రెండోది దాన్ని గోడ అవతల మేకుకు వేలాడుతున్న తాళానికి వినిపిస్తుంది. తాళానికి తేడా తెలియదు, జవాబు చెప్పేస్తుంది. అద్దం పగలదు, అలారం మోగదు. సిగ్నల్‌లోని రహస్య కోడ్ ఎంత గట్టిదైనా ఇక్కడ పనికిరాదు. దొంగ ఆ కోడ్ విప్పడం లేదు, ఉన్నదున్నట్టు ఇటు నుంచి అటు మోసుకెళ్తున్నాడు. ఒకసారి ఇంజిన్ స్టార్టయ్యాక తాళం దూరమైనా చాలా కార్లు ఆగవు. రోడ్డు మీద ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోతే ప్రమాదం కాబట్టి వాటిని అలాగే తయారుచేస్తారు.

ఇది నిన్న మొన్న బయటపడ్డ లోపం కూడా కాదు. 2011లోనే స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జూరిచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 8 కంపెనీలకు చెందిన 10 మోడళ్లను పరీక్షిస్తే పదింటి మీదా ఈ పద్ధతి పనిచేసింది. 2017లో బ్రిటన్‌లోని వెస్ట్ మిడ్‌లాండ్స్ పోలీసులు ఒక సీసీటీవీ వీడియో విడుదల చేశారు. సోలిహల్‌లో ఒక ఇంటి ముందున్న మెర్సిడెస్‌ను ఇద్దరు ఇలాగే తీసుకెళ్లిపోయారు. మొత్తం పని నిమిషం పట్టింది. ఇంట్లోవాళ్లు నిద్ర లేవడానికి అక్కడ చప్పుడంటూ ఏమీ లేదు.

అందుకని కీలెస్ తాళం రాత్రంతా లోహపు డబ్బాలో ఉండాలి. మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బా గానీ, ఫారడే పర్సు, ఫారడే బాక్స్ పేర్లతో అమ్మేవి గానీ వాడొచ్చు. చుట్టూ లోహం మూసి ఉంటే బయటి విద్యుత్ ప్రభావం లోపలికి రాదని 1836లో మైకేల్ ఫారడే చూపించాడు, ఆ పేరు అక్కడి నుంచి వచ్చింది. చెక్క డబ్బా, ప్లాస్టిక్ డబ్బా, తోలు పర్సు, మందపాటి బట్ట ఇవేవీ సిగ్నల్‌ను ఆపవు.

ఏది కొన్నా దాని మీద రాసింది నమ్మి ఊరుకోకండి. పరీక్ష చాలా సులువు. కారు లాక్ చేయండి. తాళాన్ని డబ్బాలో పెట్టి మూత వేసి, ఆ డబ్బాను చేత్తో పట్టుకుని కారు పక్కనే నిలబడి హ్యాండిల్ లాగండి. తలుపు తెరుచుకోకూడదు. రెండో వైపు తలుపు, డిక్కీ కూడా చూడండి. తర్వాత డబ్బాను హ్యాండిల్‌కు ఆనించి ఇంకోసారి లాగండి. ఈ పరీక్ష చేసేటప్పుడు రెండో తాళం మీ జేబులో గానీ, పక్కనున్న మనిషి జేబులో గానీ ఉండకూడదు, ఉంటే ఫలితం తప్పు వస్తుంది. ఒక్కసారి తెరుచుకున్నా ఆ డబ్బా పనికిరాదు. పర్సు అయితే ఈ పరీక్ష రెండు మూడు నెలలకోసారి మళ్లీ చేయాలి. రోజూ తీసి పెడుతుంటే లోపలి లోహపు పొర మడతల దగ్గర చిరుగుతుంది, పైకి కొత్తదానిలాగే కనిపిస్తుంది. నన్నడిగితే పర్సు కంటే డబ్బా నయం. పర్సు నోరు సరిగా మడవడం ఏదో ఒక రాత్రి మర్చిపోతాం.

అల్యూమినియం ఫాయిల్ సంగతి చాలామంది అడుగుతారు. సందు లేకుండా రెండు మూడు పొరలు చుడితే ఒక రాత్రికి సరిపోవచ్చు, అదీ పైన చెప్పిన పరీక్ష నెగ్గితేనే. రోజూ చుట్టి విప్పేదానికి మాత్రం అది ఆగదు. మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టే ఆలోచన పూర్తిగా మానేయండి. లోపల తాళం ఉందని తెలియక ఎవరైనా ఆన్ చేస్తే తాళం కాలిపోతుంది, మంటలు కూడా రావచ్చు. ఫ్రిజ్ కూడా వద్దు. అది సిగ్నల్‌ను ఆపుతుందన్న భరోసా లేదు, చెమ్మ మాత్రం తాళం లోపలి సర్క్యూట్‌ను పాడుచేస్తుంది.

కొన్ని తాళాలకు ఇంకో వెసులుబాటు ఉంది. ఫోర్డ్ 2019లో కొన్ని మోడళ్లకు ఇచ్చిన తాళం 40 సెకన్లు కదలకుండా ఉంటే దానంతటదే నిద్రలోకి పోతుంది, మళ్లీ చేతిలోకి తీసుకుంటేనే పనిచేస్తుంది. టయోటా స్మార్ట్ కీలు చాలావాటిలో లాక్ బటన్ నొక్కి పట్టుకుని అన్‌లాక్ బటన్ రెండుసార్లు నొక్కితే సిగ్నల్ ఆగిపోతుంది, చిన్న లైటు నాలుగుసార్లు వెలుగుతుంది. కొత్త కార్లలో అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే పద్ధతి వస్తోంది. అందులో సిగ్నల్ వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని కారు కొలుస్తుంది. రేడియో తరంగం ఒక నానోసెకనులో సుమారు 30 సెంటీమీటర్లే పోతుంది కాబట్టి దూరం గురించి దాన్ని మోసం చేయడం చాలా కష్టం. మీ కారులో ఇవి ఉన్నాయో లేదో మాన్యువల్‌లో చూడండి. ఉన్నా, డబ్బా అలవాటు మానొద్దు.

తాళాన్ని బయటి గోడలకు దూరంగా, ఇంటి మధ్యలో పెట్టడం కూడా మంచిదే. కానీ దూరం ఒక్కదాన్నే నమ్ముకోకండి, దొంగ పరికరం గోడ అడ్డున్నా కొన్ని మీటర్ల దాకా పనిచేయగలదు.

రెండో దొంగకు ఏ పరికరమూ అక్కర్లేదు. చివర కొక్కెం ఉన్న పొడవాటి కర్ర చాలు. కిటికీ ఊచల్లోంచి, ఉత్తరాలు వేసే సందులోంచి దాన్ని దూర్చి మేకుకున్న తాళం, బల్ల మీది తాళం, కుర్చీకి తగిలించిన ప్యాంటు, చేతిసంచి లాగేస్తాడు. మామూలు తాళం ఉన్న కారుకూ ఇతనితో అంతే ప్రమాదం. పడుకునే ముందు ఒకసారి బయటికి వెళ్లి, మీ కిటికీల్లోంచి టార్చి వేసి చూడండి. తాళం కనిపించినా, తాళం ఉండే సంచి కనిపించినా చోటు మార్చాల్సిందే.

ఇక మూడోవాడు. ఇతని విషయంలోనే పొరపాటు సలహాలు ఎక్కువ. 2024లో కెనడాలోని టొరంటోలో ఒక పోలీసు అధికారి, దొంగలు ఇంట్లో దాడి చేయకుండా ఉండాలంటే తాళాలను వీధి తలుపు దగ్గరే వదిలేయమని ప్రజల సమావేశంలో చెప్పారు. దాని మీద పెద్ద దుమారం రేగింది. ఆ మాట మంచి ఉద్దేశంతో చెప్పిందేనని, దొంగతనాలను ఆపడానికి వేరే మార్గాలు ఉన్నాయని పోలీసు శాఖ తర్వాత వివరణ ఇచ్చింది. ఆ అధికారి భయం నిజమైనదే. ఇంట్లోకి దూరిన దొంగకు తాళం దొరక్కపోతే వెతుక్కుంటూ పడకగదిలోకి వస్తాడు. పిల్లలు నిద్రపోతున్న గదిలోకి అతను రావడం కంటే కారు పోవడమే నయం. కానీ దానికి విరుగుడుగా తలుపు దగ్గర వదిలేస్తే మొదటి ఇద్దరికీ పని సులువు చేసినట్టు అవుతుంది.

నాకు సరైనదనిపించేది ఈ రెంటికీ మధ్య దారి. తాళం ఉన్న లోహపు డబ్బా పడకగదిలో వద్దు, తలుపు దగ్గరా వద్దు. ముందు గది దాటాక, నలుగురూ తిరిగే గదిలో, కిటికీకి కనపడని సొరుగులో ఉంచండి. బయటి నుంచి అందదు, లోపలికి వచ్చినవాడు మాత్రం మీ మంచం దాకా రాకుండానే వెతుక్కోగలడు. దిండు కింద, బీరువా లాకర్లో, నగల పక్కన పెట్టకండి. దొంగ ఎదురుపడి తాళం అడిగితే ఇచ్చేయండి. కారుకు ఇన్సూరెన్స్ ఉంటుంది.

రిమోట్ మంచం పక్కన పెట్టుకుని, ఏదైనా చప్పుడైతే పానిక్ బటన్ నొక్కి కారు హారన్ మోగించమనే సలహా కూడా తిరుగుతుంటుంది. కీలెస్ కాని కారుకు, పడకగది మేడ మీద ఉన్నవాళ్లకు అది కొంత పనికొస్తుంది. కీలెస్ కారుకు మాత్రం ఆ సలహా పాటిస్తే రాత్రంతా తాళాన్ని డబ్బా బయట ఉంచినట్టే. అలారం కావాలంటే ఇంటికి వేరే అలారం పెట్టించుకోండి.

అందరూ మర్చిపోయేది రెండో తాళం. ఒకదాన్ని డబ్బాలో భద్రంగా పెట్టి, అదే సిగ్నల్ ఇచ్చే రెండోదాన్ని వీధి గదిలోని అలమరలో పడేస్తే చేసిందంతా వృథా. అది కూడా లోహపు డబ్బాలోకే వెళ్లాలి. కారులో, డాష్‌బోర్డు అరలో ఎప్పుడూ ఉంచకండి. కారు పోయినప్పుడు చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు తాళాలన్నీ అప్పగించమంటాయి. ఒకటి తగ్గినా, కారులోనే వదిలేశారని తేలినా క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. వాడిన కారు కొన్నవాళ్లు, ఒక తాళం పోగొట్టుకున్నవాళ్లు సర్వీస్ సెంటర్‌లో పాత తాళాలను కారు మెమరీలోంచి తీసేయించాలి. తాళం గుత్తికి ఇంటి చిరునామా ఉన్న చీటీ, కారు నంబరు బిళ్ల తగిలించకండి.

ఊరు వెళ్లేటప్పుడు కారు ఇంటి దగ్గరే ఉంటే, దాని తాళాలు కూడా ఇంట్లో ఉంచకుండా తీసుకెళ్లండి, లేదా నమ్మకమైన దగ్గరివాళ్లకు ఇవ్వండి. ఖాళీ ఇంట్లో దొంగకు వెతకడానికి కావాల్సినంత సమయం ఉంటుంది.

తాళం ఎంత భద్రంగా ఉన్నా దాని అవసరమే లేకుండా కారు తీసుకెళ్లే పద్ధతులు కూడా వచ్చాయి. హెడ్‌లైట్ వెనక వైర్ల ద్వారా కారు లోపలి నెట్‌వర్క్‌లోకి దూరి "సరైన తాళం ఉంది" అనే తప్పుడు సందేశం పంపే పరికరాలున్నాయి. ఈ పద్ధతి వివరాలను పరిశోధకులు 2023లో బయటపెట్టారు. డాష్‌బోర్డు కింద, మెకానిక్‌లు కారు లోపాలు చూడటానికి వాడే డయాగ్నస్టిక్ పోర్టు ద్వారా కొత్త తాళం తయారుచేసుకునేవాళ్లూ ఉన్నారు. వీటికి తాళం డబ్బా విరుగుడు కాదు. స్టీరింగ్‌కు బయటికి కనిపించేలా ఒక గట్టి లాక్ వేయండి. దాన్ని కోయడానికి సమయం పడుతుంది, చప్పుడవుతుంది, అద్దంలోంచి చూడగానే చాలామంది దొంగలు పక్క కారు వైపు పోతారు. దాని తాళం చెవిని కారు తాళం గుత్తికి మాత్రం కలపకండి.

ఒక ముఖ్యమైన మాట మిగిలింది. ఇంటి తలుపు తాళాలను ఈ డబ్బాలో పెట్టకండి. అగ్నిప్రమాదం జరిగితే చీకట్లో, పొగలో సొరుగు వెతుక్కునే వీలుండదు. అవి విడిగా, తలుపు తీయాల్సినవాళ్ల చేతికి అందేలా, కిటికీకి మాత్రం అందకుండా ఉండాలి. అర్ధరాత్రి ఎవరినైనా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే కారు తాళం ఎక్కడుందో కారు నడిపే ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. ఈ రాత్రి డబ్బా సొరుగులో పెట్టాక ఇంట్లోవాళ్లను పిలిచి, లైటు ఆపి, ఒక్కొక్కరినీ దాన్ని తీసి చూపించమనండి.