బెణికిన చీలమండ, 3వ పాఠం: వాపు పోయింది, మరి ఆటకి దిగొచ్చా?

పోయిన పాఠంలో ఎక్స్‌రే ఎవరికి కావాలో చూశాం కదా. చీలమండ గుబ్బ ఎముక వెనక అంచు మీద నొక్కితే నొప్పి ఉన్నా, నాలుగడుగులు కూడా వెయ్యలేకపోయినా ఈ పాఠం పక్కన పెట్టి ముందు ఆర్థోపెడిక్ దగ్గరికి వెళ్ళండి. అవేం లేనివాళ్ళు, కుంటకుండా నడవగలుగుతున్నవాళ్ళు రండి.

నా సంగతే చెప్తా. షటిల్ ఆడుతూ కుడికాలు లోపలికి మడతపడింది, పది రోజుల్లో వాపు తీసేసింది, ఇంకేముంది అనుకుని మూడో వారం కోర్టులో దిగా, నెల తిరక్కుండా అదే కాలు మళ్ళీ మడతపడింది, ఈసారి గట్టిగా ఆడుతూ కూడా కాదు, మెట్టు దిగుతూ! ఫిజియో చదువుకున్నవాణ్ణి నేనే ఇలా చేస్తే ఇక మిగతావాళ్ళనేం అంటాం.

లిగమెంట్ అంటే ఎముకల్ని పట్టి ఉంచే తాడే కదా అనుకుంటాం. కానీ కాలు ఎటు ఒరుగుతోందో మెదడుకి చెప్పే నరాల కొసలు కూడా అందులోనే ఉంటాయి. బెణికినప్పుడు ఆ కబురు మందగిస్తుంది, పిక్కకి బయటివైపుండే కండరాలు పాదాన్ని లాగి నిలబెట్టేలోపే కాలు మడతపడిపోతుంది. వాపు పోయినంత మాత్రాన ఇది బాగవదు, దీనికి విడిగా సాధన కావాలి. నెదర్లాండ్స్‌లో 522 మంది ఆటగాళ్ళ మీద చేసిన స్టడీ 2009లో వచ్చింది, మామూలు వైద్యానికి తోడు ఇంట్లోనే 8 వారాలు బ్యాలెన్స్ సాధన చేసినవాళ్ళలో ఏడాదిలోపు మళ్ళీ బెణికింది 22 శాతం మందికి, చెయ్యనివాళ్ళలో 33 శాతం మందికి.

ముందు కొలత. గోడకి ఎదురుగా నిలబడి బొటనవేలు గోడకి కాస్త దూరంగా పెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకి ఆనించండి. ఆనితే పాదం ఇంకొంచెం వెనక్కి జరపండి. మడమ లేచిపోయే ముందు వరకు వచ్చిన దూరం, బొటనవేలి నుంచి గోడకి, టేపుతో కొలవండి. రెండో కాలుకీ అంతే. బాగున్న కాలు 10 సెంటీమీటర్లొచ్చి ఇది 6 దగ్గరే ఆగిందనుకోండి, కీలు ఇంకా బిగుసుకునే ఉన్నట్టు. అప్పుడు ఇదే కొలతని వ్యాయామంలా పూటకి 15 సార్లు చెయ్యండి.

తర్వాత ఒంటికాలి మీద నిలబడటం. పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు చెయ్యండి, విడిగా టైమ్ పెట్టుకుంటే ఎవరూ చెయ్యరు, నేనూ చెయ్యలేదు. వాష్‌బేసిన్ పట్టుకునేంత దగ్గరలో ఉండాలి, కింద తడి ఉండకూడదు. 30 సెకన్లు నిలబడగలిగితే మర్నాడు మడతపెట్టిన దుప్పటి మీద, అదీ తేలికైతే కళ్ళు మూసుకుని. పాదం లోపల కండరాలు అటూ ఇటూ లాగుతున్నట్టుంటే కంగారుపడకండి, మనక్కావాల్సిన పని అదే. నొప్పి పదికి మూడు దాటినా, మర్నాడు పొద్దున వాపు కనిపించినా ఒక మెట్టు కిందకి దిగండి.

నాలుగో పాఠంలో గెంతులు. ఈలోపు రెండు కాళ్ళ గోడ దూరాలూ ఒక కాగితం మీద తేదీ వేసి రాసుకోండి, అక్కడ వాటితో పనుంది.