కరువు ముంగిట ధాన్య సహాయం: ఒప్పందాన్ని చదివే పద్ధతి

కాకినాడ రేవులో విదేశాలకు బియ్యం ఎత్తుతున్నారన్న వార్త వచ్చినప్పుడు, ఫలానా దేశానికి మన ప్రభుత్వం ధాన్యం పంపుతోందన్న ప్రకటన వెలువడినప్పుడు గోదావరి డెల్టాలో చదువరి దృష్టి ముందుగా టన్నుల అంకె మీద పడుతుంది. అది సహజమే అయినా, ఆ ప్రకటనలో అన్నిటికంటే తక్కువ సంగతి చెప్పేది ఆ అంకే. ఇచ్చే దేశపు విదేశాంగ విధానం తెలియాలంటే, సరుకు ఎన్ని విడతలుగా కదులుతుందో, తరువాతి విడతను ఆపగల అధికారం ఎవరి చేతిలో ఉందో చూడాలి.

మొదట ఆ ధాన్యం దానమా, అమ్మకమా, వ్యాపారానికి ఇచ్చిన అనుమతి మాత్రమేనా అన్నది తేల్చుకోవాలి. పత్రికలు మూడింటినీ సహాయమనే రాస్తుంటాయి. అమెరికా 1954లో చేసిన పబ్లిక్ లా 480 కింద మనకు వచ్చిన గోధుమలో అధిక భాగం ఉచితం కాదు, రూపాయలలో వెల కట్టి అమ్మినది. 2022 ఫిబ్రవరిలో అట్టారీ సరిహద్దు గుండా అఫ్ఘానిస్తాన్‌కు భారత్ పంపడం ఆరంభించిన గోధుమ దానం. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించాక కొన్ని దేశాలకు ఇచ్చిన మినహాయింపులు మూడో రకం: వారు ధర చెల్లించే కొన్నారు, అయితే కొనే అవకాశం మాత్రం ఢిల్లీ ఇస్తేనే దక్కింది. ఆ ఆగస్టు చివర మినహాయింపు పొందినవి భూటాన్, మారిషస్, సింగపూర్. సింగపూర్‌లో కరువు లేదని అందరికీ తెలుసు. అందువల్ల జాబితాలో ఒక పేరు కనిపించగానే దాని వెనుక ఆకలి ఉందని అనుకోకూడదు.

రెండవది విడతల పట్టిక. ఎక్కువ సమయం వెచ్చించవలసింది దీని మీదనే. పబ్లిక్ లా 480 కింద అమెరికాతో 1960లో కుదిరిన ఒప్పందం నాలుగేళ్లకు కోటీ 60 లక్షల టన్నుల గోధుమకు, 10 లక్షల టన్నుల బియ్యానికి భరోసా ఇచ్చింది. 1965లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ అటువంటి దీర్ఘకాలిక ఒప్పందానికి ఇష్టపడక, నెలా రెండు నెలల అవసరానికి మాత్రమే సరుకు మంజూరు చేయసాగాడు. ఆ ఏడాది వానలు విఫలమయ్యాయి, మరుసటి ఏడాదీ విఫలమై బీహార్ కరువు అంచుకు చేరింది. 1966లో మన ధాన్యపు దిగుమతులు కోటి టన్నులు దాటాయి, అంటే అంకె చూస్తే అంతకుమించిన ఔదార్యం లేదు. అయినా ఆ శరదృతువులో కొత్త మంజూరు వారాల తరబడి నిలిచిపోయి డిసెంబరులో గాని కదలలేదు. వియత్నాం మీద అమెరికా బాంబుదాడులను ఢిల్లీ విమర్శించడం వాషింగ్టన్‌కు రుచించని కాలమది. దాళ్వాకు, అంటే రబీ వరికి, వంతుల వారీగా నీరు పెట్టుకునే రైతుకు ఈ విషయం విడమరచి చెప్పనక్కరలేదు: సీజనుకు ఎంత నీరు కేటాయించారన్నది అలా ఉంచి, చేను పొట్ట మీద ఉన్నప్పుడు తూము తలుపు ఎవరు ఎత్తుతారన్నదే అతని ప్రశ్న. కాబట్టి ఒప్పందం చేతికి వస్తే విడతల మధ్య ఎడం ఎంతో, తీసుకునే దేశపు గోదాములలో నిల్వ ఎన్ని వారాలకు సరిపోతుందో పక్కపక్కన రాసుకోవాలి. ఎడం నిల్వను మించితే పగ్గం ఇచ్చేవారి చేతిలో ఉన్నట్టే.

అయితే ఒత్తిడి ఉన్నచోటల్లా లొంగుబాటు ఉందని నిర్ధారించడం తొందరపాటు. 1965 నవంబరులో రోమ్‌లో మన ఆహార మంత్రి సి. సుబ్రహ్మణ్యం, అమెరికా వ్యవసాయ కార్యదర్శి ఆర్విల్ ఫ్రీమన్ కుదుర్చుకున్న అంగీకారంలోని ఎరువులు, మేలైన విత్తనాలు, వ్యవసాయానికి పెట్టుబడి అనే అంశాలు సుబ్రహ్మణ్యం అప్పటికే కోరుకుంటున్నవి. బయటి ఒత్తిడి ఆయనకు మంత్రివర్గంలో పనికి వచ్చిందని నా అభిప్రాయం. 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు అధిక దిగుబడి వరి వంగడం ఐఆర్-8 పండించి పేరు తెచ్చుకున్నది ఈ కాలంలోనే. దాన్ని అమెరికా షరతుల ఖాతాలో వేస్తే ఇక్కడి రైతు చొరవకు అన్యాయం చేసినట్టవుతుంది.

మూడవది, ఒప్పందంలో కనబడని షరతులు. వాటిని ఇచ్చే దేశపు సొంత చట్టాలలో వెతకాలి. క్యూబాతో వ్యాపారం చేసే దేశాలకు ఈ ధాన్యం ఇవ్వరాదన్న నిబంధన అమెరికా చట్టంలో ఉండేది. 1974లో బంగ్లాదేశ్ క్యూబాకు గోనె సంచులు అమ్మిందన్న కారణం చూపి, వరదలతో ఆకలి ముసురుకున్న ఏడాదిలోనే అమెరికా ఆహార సరఫరాను ఆపింది. సాయంగా పంపే సరుకులో కనీసం సగం అమెరికా ఓడలలోనే వెళ్లాలన్న 1954 నాటి నియమం కూడా ఇటువంటిదే. అందులో రాజకీయం కంటే ఓడల యజమానుల లాభమే ఎక్కువ.

డబ్బు సంగతి క్లుప్తంగా చూసినా చాలు. రూపాయలలో చెల్లించిన గోధుమ వెల అమెరికా ఖాతాలో పేరుకుపోగా, 1974 ఫిబ్రవరిలో అందులో 1,664 కోట్ల రూపాయలకు చెక్కు రాసి ఆ ప్రభుత్వం మనకు తిరిగి ఇచ్చింది. కనుక ధర ఎంతన్న దానితో పాటు ఆ సొమ్ము ఏ కరెన్సీలో, ఎక్కడ నిలుస్తుందో అడగాలి.

నాలుగవది, పండించే ఊరి వైపు నుంచి చదవడం. డెల్టాకు ఇది కొత్త పాత్ర కాదు: దక్షిణాది రాష్ట్రాల మధ్య బియ్యం స్వేచ్ఛగా కదిలేందుకు 1957లో ఏర్పడిన దక్షిణ బియ్యపు జోను 1964లో విడిపోయి రాష్ట్రానికొక జోను అయినప్పుడు, బియ్యం తక్కువైన కేరళ అవసరంలో ఉన్న పక్షం, మిగులున్న ఆంధ్ర పంపే పక్షం. నేటికీ దాళ్వాలో పండే బొండాలు అనే లావు రకం ధాన్యం కేరళకు ఉప్పుడు బియ్యంగా వెళుతుంది. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతి ఆగినప్పుడు, 2023 ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం పడినప్పుడు వినియోగదారుకు ధర అదుపులో ఉంచడమే లక్ష్యమని ప్రభుత్వం చెప్పింది. అటువంటి నిర్ణయపు భారం కళ్లం దగ్గర బస్తా ధర మీద ఎంత పడిందో సహాయ ప్రకటనలో ఉండదు. దాన్ని ఆ వారాల్లో స్థానిక మిల్లర్లు ఇచ్చిన ధరతో పోల్చి మనమే లెక్క కట్టుకోవాలి.

చివరగా, విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ నోటిఫికేషన్ తీసి, దేశం పేరు, అనుమతించిన పరిమాణం, ఎగుమతి చేసే సంస్థ పేరు గుర్తించాలి. అనుమతి వచ్చినంత మాత్రాన సరుకు వెళ్లినట్టు కాదు కనుక, కొన్ని నెలల తరువాత వాస్తవ ఎగుమతి లెక్కలు వెలువడినప్పుడు రెండు అంకెలనూ సరిచూడాలి. తేడా కనిపిస్తే దానికి కారణం ఓడ దొరకకపోవడమా, ధర కుదరకపోవడమా, పై నుంచి వచ్చిన ఆదేశమా అని ఆరా తీయడం ఆ తరువాతి పని.